చెల్లి హిస్సా: లెక్క కష్టమా, నియ్యత్ కష్టమా?

మన ఖాందాన్లలో తర్కా మాట ఎత్తిన ప్రతిసారీ ఒక జుమ్లా తప్పకుండా వినిపిస్తుంది. "ఉన్నది ఒక్క ఇల్లు. దాన్ని ఎట్లా కోస్తాం?" ఈ మాట అనేది సాధారణంగా ఆ ఇంట్లోనే ఉంటున్న భాయ్. వినేది చాలీస్వా ఫాతెహాకి అత్తగారిళ్ల నుంచి వచ్చిన బెహన్లు. వాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండదు. ఇల్లు నిజంగానే ఒకటే కదా, కోయడం నిజంగానే కష్టం కదా. అలా జవాబు లేని సవాల్ పదేళ్లు, ఇరవై ఏళ్లు నడుస్తుంది. ఆ లోపల ఒక బెహన్ కూడా అల్లాకి ప్యారీ అయిపోతుంది.

ఈ జుమ్లాలో సగం నిజం ఉంది. వస్తువుల్ని న్యాయంగా పంచడం లెక్కల లోకంలో నిజంగానే కఠినమైన మస్లా. మిగతా సగం బహానా. ఈ మస్లాకి మన ఫిఖహ్ కితాబుల్లో వందల ఏళ్ల నుంచి జవాబులున్నాయి. గణితవేత్తలు కూడా గత ఎనభై ఏళ్లుగా దీని మీదే పని చేసి జవాబులిచ్చారు. రెండు వైపులా తేలింది ఒకటే: వస్తువు కోయలేకపోవడం హక్ ఎగ్గొట్టడానికి వజహ్ కాదు.

నేను ముఫ్తీని కాదు, అఖ్బార్లో పని చేసే మనిషిని. మీ ఇంటి మస్లాకి ఫత్వా మీ ఆలిమ్ దగ్గరే తీసుకోండి. నేను లెక్క వైపు నుంచి మాట్లాడతాను.

కార్టన్ కట్టే లెక్క

గల్ఫ్‌లో పని చేసి వచ్చే మనవాళ్లకి ఒక లెక్క బాగా ఎరుక. టికెట్ మీద 30 కిలోలు. ఎదురుగా అమ్మీకి కంబళి, బీవీకి అత్తరు, పిల్లల బొమ్మలు, ఖజూర్ డబ్బాలు, పాలపొడి, ఇస్త్రీ పెట్టె. అన్నీ కలిపితే 45 కిలోలు. ఏది పెట్టాలి, ఏది వదలాలి? బరువు దాటకూడదు, ఇంట్లో ఖుషీ మాత్రం ఎక్కువ కావాలి. గణితంలో దీన్ని నాప్‌సాక్ సమస్య అంటారు, అంటే వీపు సంచి సమస్య.

దీనికి ఒక చుట్టం ఉంది. రకరకాల సైజుల సామాను అంతా పెట్టాల్సిందే, పెట్టెలు మాత్రం తక్కువ కావాలి. ఇది బిన్ ప్యాకింగ్. మన అమ్మీలు, నానీలు ఇల్లు మారేటప్పుడు చేసేది ఇదే. ముందు పెద్ద దేగిశాలు, తర్వాత గిన్నెలు, సందుల్లో చెంచాలు. "పెద్దవి ముందు, చిన్నవి తర్వాత" అన్న ఈ పద్ధతిని డేవిడ్ జాన్సన్ అనే గణితవేత్త 1973లో పరీక్షించాడు. ఉత్తమంగా సర్దితే 9 పెట్టెలు పట్టే సామాను ఈ పద్ధతిలో మహా అయితే 11 పెట్టెల్లో పడుతుంది. ఎంత పెద్ద సామానుకైనా ఆ నిష్పత్తి దాదాపుగా అంతే, కొద్దిగా అటూ ఇటూ. చెప్పడానికి సులువైన పద్ధతే, దానికి గణితమిచ్చిన గ్యారంటీ కూడా ఉంది.

మరి అచ్చంగా ఉత్తమమైన సర్దుబాటు కావాలంటే? అక్కడ చిక్కుంది. 1972లో రిచర్డ్ కార్ప్ అనే అమెరికన్ 21 సమస్యల జాబితా ఇచ్చాడు. వీటిలో ఏ ఒక్కదానికైనా ఎప్పుడూ పని చేసే వేగమైన దారి దొరికితే మిగతా అన్నిటికీ దొరికినట్టే అని చూపించాడు. ఇప్పటి దాకా ఎవరికీ దొరకలేదు. అసలు అలాంటి దారి ఉందా లేదా తేల్చినవాళ్లకి 2000 సంవత్సరం నుంచి పది లక్షల డాలర్ల ఇనామ్ ఎదురుచూస్తోంది. ఆ 21లో వీపు సంచి ఉంది. ఒక కుప్పని రెండు సమాన భాగాలుగా విడదీసే సమస్య కూడా ఉంది. మనకి కావలసింది ఆ రెండోది.

ఐదు నగలు, ఇద్దరు బెహన్లు

ఒక అమ్మీ తన జీవితంలోనే నగలు ఇద్దరు బిడ్డలకి హిబా చేద్దామనుకుంది. ఐదు నగలు: 8, 7, 6, 5, 4 తులాలు. మొత్తం 30. చెరొక 15 రావాలి. పెద్దది ముందు తీసి, అప్పటికి ఎవరికి తక్కువ ఉంటే వాళ్లకి ఇద్దామనుకుంటే ఏమవుతుంది? 8 ఒకరికి, 7 ఇంకొకరికి. 6 రెండో బిడ్డకి, ఆమెకి 13. 5 మొదటి బిడ్డకి, ఆమెకీ 13. చివరి 4 ఎవరికో ఒకరికి. 17, 13. రెండు తులాలు అటు ఎక్కువ, రెండు ఇటు తక్కువ.

నిజానికి సమాన భాగం అక్కడే ఉంది. 8, 7 ఒకరికి. 6, 5, 4 ఇంకొకరికి. చెరొక 15. ఐదు నగలే కనుక కాగితం మీద రాసుకుంటే కనిపిస్తుంది. నగలు 30 అయితే ఇద్దరి మధ్య విడదీసే తరీఖాలు 107 కోట్లు దాటతాయి. ఆరుగురు వారిసులు, 20 వస్తువులు ఉంటే 36 కోట్ల కోట్ల తరీఖాలు. సెకనుకి వంద కోట్లు చూసే కంప్యూటర్‌కైనా అన్నీ ఒక్కొక్కటిగా చూడటానికి 42 రోజులు పడుతుంది.

కనుక "పంచడం కష్టం భాయ్" అనే మాట అబద్ధం కాదు. అయితే ఇందాకటి పద్ధతి ఎంత చెడిపోయినా ఎంత దాకా చెడిపోతుందో కూడా తెలుసు. రొనాల్డ్ గ్రాహం అనే గణితవేత్త 1969లో రుజువు చేశాడు: ఇద్దరి మధ్య పంచితే పెద్ద వాటా, ఉత్తమ పంపకంలోని పెద్ద వాటా కంటే ఆరో వంతుకి మించి పెరగదు. పైగా ఆ తేడాని నగదుతో సరి చేయొచ్చు. 17 తులాలు వచ్చిన బిడ్డ 2 తులాల ధర అక్కకి ఇస్తే చెరొక 15. కోట్ల తరీఖాలు వెతకాల్సిన పనే లేదు. వస్తువు కోయలేం కానీ రూపాయి కోయొచ్చు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇంకో మాట. సంచి సర్దడానికీ జాయదాద్ సర్దడానికీ ఒక పెద్ద ఫరఖ్ ఉంది. సంచిలో తప్పు జరిగితే ఎయిర్‌పోర్టులో కిలోకింత జుర్మానా. పాలపొడి డబ్బా మనల్ని ఆఖిరత్‌లో పట్టుకోదు. జాయదాద్ దగ్గర అవతలి వైపు ఉన్నది హక్ ఉన్న మనిషి.

ఫరాయిజ్ లెక్క ఎప్పుడో తేలిపోయింది

ఇప్పుడు విరాసత్‌కి వద్దాం. ఇక్కడ రెండు వేరు వేరు పనులున్నాయి. మనం వాటిని కలిపేసి గందరగోళం చేస్తాం. మొదటిది ఎవరికి ఎంత అన్నది. రెండోది ఎవరికి ఏది అన్నది.

"ఎంత" అన్నదానికి జవాబు సూరె నిసాలోని 11, 12, 176 ఆయత్‌లలో ఉంది. అక్కడున్న భిన్నాలు ఆరే: సగం, పావు, ఎనిమిదో వంతు, మూడింట రెండు, మూడింట ఒకటి, ఆరో వంతు. దానికి ముందే 7వ ఆయత్‌లో ఒక మాట తేల్చేశారు. వదిలి వెళ్లింది కొంచెమైనా సరే, ఎక్కువైనా సరే, మగవాళ్లకీ ఆడవాళ్లకీ అందులో హిస్సా ఉంది. "ఉన్నది ఒక్క ఇల్లే కదా" అనేవాళ్లకి జవాబు ఆ "కొంచెమైనా సరే"లోనే ఉంది.

ఒక సాదా ఉదాహరణ. అబ్బా పోయారు. అమ్మీ, ఇద్దరు కొడుకులు, ముగ్గురు బిడ్డలు ఉన్నారు. కఫన్ దఫన్ ఖర్చు, అప్పులు ముందు తీయాలి. అమ్మీ మెహర్ ఇవ్వకుండా ఉంటే అదీ అప్పే, దాన్నీ ముందే తీయాలి. వసియ్యత్ ఉంటే మిగిలినదాంట్లో మూడో వంతు లోపల అదీ తీయాలి. ఆ తర్వాత మిగిలింది తర్కా. అమ్మీకి ఎనిమిదో వంతు. మిగతా ఏడు భాగాల్లో కొడుక్కి రెండు, బిడ్డకి ఒకటి చొప్పున. అంటే మొత్తం 8 భాగాలు: అమ్మీకి 1, కొడుకులకి 2, 2, బిడ్డలకి 1, 1, 1. ఐదో తరగతి పిల్లవాడు చేసే లెక్క.

అన్నీ ఇంత సాఫ్‌గా ఉండవు. బీవీ, ఇద్దరు బిడ్డలు, అమ్మ, నాన్న ఉంటే హిస్సాలు కలిపితే 24కి 27 అవుతాయి. ఒక రూపాయిలో రూపాయి రెండణాల వాటాలు. అప్పుడు కింది అంకెని 27 చేసి అందరి వాటా ఒకే నిష్పత్తిలో తగ్గిస్తారు. బీవీ ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అవుతుంది. హజ్రత్ అలీ రజియల్లాహు అన్హు మింబర్ మీద ఉండగా అడిగితే అక్కడికక్కడే జవాబిచ్చారని రివాయత్. అందుకే ఈ మస్లాకి మింబరియ్యా అని పేరు. ఈ పద్ధతి పేరు ఔల్. షియా ఫిఖహ్ దీన్ని ఒప్పుకోదు, వాళ్ల తరీఖా వేరు. ఏ వైపు చూసినా లెక్క మాత్రం తేలిపోయే ఉంది.

వాట్సాప్‌లో తిరిగే 17 ఒంటెల కథ మీరూ చూసే ఉంటారు. ఒక కొడుక్కి సగం, ఒకడికి మూడో వంతు, ఇంకొకడికి తొమ్మిదో వంతు. 17 ఒంటెలు తెగవు. ఒక ఒంటె అరువు తెచ్చి 18 చేసి 9, 6, 2 పంచేస్తే ఒంటె మళ్లీ మిగిలిపోతుంది. మంచి పొడుపు కథే. కానీ అది ఫరాయిజ్ మస్లా కాదు. కొడుకుల మధ్య వాటాలు సమానం, తొమ్మిదో వంతు అనేది ఆ ఆరు భిన్నాల్లో లేదు. తమాషా అంతా సగం, మూడో వంతు, తొమ్మిదో వంతు కలిపితే 18కి 17 మాత్రమే కావడంలో ఉంది. అసలు వీలునామాలోనే లెక్క పూర్తి కాలేదు. మింబరియ్యాలో వాటాలు ఒకటిని దాటితే, ఇక్కడ ఒకటికి తగ్గాయి. మనకి ఫార్వర్డ్ చేయడానికి ఒంటెలు కావాలి, ఇంట్లో చెల్లి ఎనిమిదో వంతు మాత్రం వద్దు!

ఈ లెక్కల కోసమే అల్జీబ్రా పెరిగిందంటే అతిశయోక్తి కాదు. 9వ సదీ మొదట్లో బగ్దాద్‌లో ఖలీఫా మామూన్ కాలంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన కితాబ్ పేరులోని 'అల్ జబ్ర్' నుంచే అల్జీబ్రా అన్న మాట పుట్టింది. విరాసత్, వసియ్యత్, తక్సీమ్, తిజారత్, భూమి కొలతల్లో జనానికి పనికి రావాలని ఆయన ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ఆ కితాబ్‌లో దాదాపు సగం వసియ్యత్, విరాసత్ లెక్కలే. స్కూల్లో ఎక్స్ విలువ కనుక్కోమంటే ఏడ్చే మన పిల్లలకి ఈ మాట ఎవరూ చెప్పరు.

ఈ రోజు ఫోన్‌లో యాప్ ఉంది. పేర్లు నొక్కితే భిన్నాలు వచ్చేస్తాయి. "ఎంత" అన్న సవాల్ ముగిసింది. యాప్ చెప్పనిది ఒకటే. ఎనిమిదో వంతు అంటే ఏ గది?

ఏ గది ఎవరికి

ఇందాకటి కుటుంబం ఇల్లు 160 గజాలు అనుకోండి. 8 భాగాలంటే భాగానికి 20 గజాలు. కొడుకులకి 40, 40. అమ్మీకి, ముగ్గురు బిడ్డలకి 20 చొప్పున. 20 గజాల్లో గది వస్తుంది, ఇల్లు రాదు. మెట్లు ఎవరివి, బోరు ఎవరిది, గల్లీ వైపు తలుపు ఎవరిది? గోడలు లేపితే ఆ ఇల్లు ఎవరికీ పనికి రాదు.

మన ఫుఖహాలకి ఇది తెలియదా? బాగా తెలుసు. హనఫీ ఫిఖహ్‌లో పేరున్న హిదాయాలో కితాబుల్ ఖిస్మత్ అని పంపకానికి ఒక పూర్తి బాబ్ ఉంది. కోస్తే పనికి రాకుండా పోయే వాటికి అక్కడ ఇచ్చిన మిసాల్‌లు హమ్మామ్, బావి, తిరగలి మర. వీటిని జబర్దస్తీగా ముక్కలు చేయకూడదు, అందరి రజామందీ ఉండాలి. అంటే కోయరాని వస్తువులు ఉంటాయని ఫిఖహ్ ఒప్పుకుంది. కానీ ఒప్పుకుని అక్కడ ఆగిపోలేదు. దారులు చూపించింది.

మొదటి దారి ఖుర్‌ఆ. ముందు ధరలు కట్టి భాగాల్ని సరి చేసి, ఆ తర్వాత చీటీలు వేయడం. భాగం ఎంతో చీటీ తేల్చదు. ఏ భాగం ఎవరిదో తేలుస్తుంది. అది కూడా దిల్‌లో షికాయత్ ఉండకూడదని. "భయ్యాకి కావాలనే మెయిన్ రోడ్డు వైపు ఇచ్చారు" అని ఎవరూ అనకుండా.

రెండోది ముహాయా. వస్తువుని కాకుండా దాని వాడకాన్ని పంచుకోవడం. దుకాణం ఒకటే అయితే వంతుల వారీగా నడపడం. కిరాయాకి ఇచ్చిన ఇల్లయితే ఇంకా సులువు. నెలకి 16,000 వస్తే భాగానికి 2,000. అమ్మీకి, బిడ్డలకి తలా 2,000, కొడుకులకి చెరొక 4,000. గోడ కోయలేకపోయినా కిరాయా కోయొచ్చు. బెహన్‌కి నెలకి 2,000 కూడా పంపని భాయ్ "ఇల్లు ఎట్లా కోస్తాం" అంటే నమ్మడం కష్టం.

మూడోది తఖారుజ్. ఒక వారిస్ తన హిస్సా బదులు ఒప్పుకున్న రఖమ్ తీసుకుని బయటికి రావడం. సిరాజియ్యా అనే ఫరాయిజ్ కితాబ్‌లో దీని మీద వేరే బాబ్ ఉంది. ఆ కితాబ్‌ని విలియం జోన్స్ ఇంగ్లీషులోకి మార్చి 1792లో కలకత్తాలో అచ్చు వేయించాడు. మనం మాత్రం తెరవలేదు.

తఖారుజ్‌లో అసలు చిక్కు రఖమ్ ఎంత అన్నది. ఇంట్లో ఉన్న భాయ్ తక్కువ చెప్తాడు. బయట ఉన్న బెహన్‌కి ధర తెలియదు. ఇక్కడే గణితం పనికొస్తుంది. పోలండ్‌కి చెందిన హ్యూగో స్టైన్‌హాస్ 1948లో న్యాయమైన పంపకం గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. "ఒకరు కోయాలి, ఇంకొకరు ముందు తీసుకోవాలి" అనే పాత ఇంటి పద్ధతిని ముగ్గురికీ నలుగురికీ ఎలా పెంచాలన్నది ఆయన సవాల్. ఆయన సాథీ బ్రోనిస్లావ్ క్నాస్టర్ కోయరాని వస్తువులకి మూసిన లిఫాఫాల తరీఖా కనిపెట్టాడు.

భాయ్, బెహన్ ఇద్దరే వారిసులు అనుకుందాం. భాయ్‌కి మూడింట రెండు, బెహన్‌కి మూడింట ఒకటి. ఇల్లు తమ దృష్టిలో ఎంత చేస్తుందో ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా రాసి లిఫాఫాలో పెడతారు. భాయ్ 63 లక్షలు రాశాడు, బెహన్ 45. ఎక్కువ రాసినవాళ్లకి ఇల్లు. అంటే భాయ్‌కి. అతని లెక్కలో అతనికి రావలసింది 42, చేతికి వచ్చింది 63. పైన ఉన్న 21 లక్షలు బల్ల మీద పెట్టాలి. బెహన్ లెక్కలో ఆమెకి రావలసింది 45లో మూడో వంతు, 15. ఆమె 15 తీసుకుంటుంది. బల్ల మీద ఇంకా 6 లక్షలు మిగిలాయి. వాటిని హిస్సాల ప్రకారం పంచితే భాయ్‌కి 4, బెహన్‌కి 2.

చివరికి బెహన్‌కి 17 లక్షలు. తను అనుకున్నదానికంటే 2 ఎక్కువ. భాయ్‌కి 17 లక్షలు కట్టి 63 లక్షల ఇల్లు, అంటే 46. అతను అనుకున్నదానికంటే 4 ఎక్కువ. ఎవరి లెక్కలో వాళ్లకి హక్ కంటే ఎక్కువే వచ్చింది. గారడీ ఏమీ లేదు. ఆ ఇంటి మీద ఒకరికి మమత ఎక్కువ. ఆ మమత విలువని ఇద్దరూ పంచుకున్నారు.

భాయ్ కావాలనే 40 రాస్తే? అప్పుడు 45 రాసిన బెహన్‌కి ఇల్లు పోతుంది. ఆమె దాన్ని బజార్లో అమ్ముకోవచ్చు. అందుకే లిఫాఫా మూసి ఉండాలి, అందుకే తక్కువ రాయడానికి ధైర్యం చాలదు. ఒక షరతు మాత్రం తప్పనిసరి. లిఫాఫా ముట్టుకునే ముందు ఖాందాన్‌కి సంబంధం లేని మనిషితో మార్కెట్ ధర కట్టించి, ఆ కాగితం బెహన్ చేతిలో కూడా పెట్టాలి. వారిసుల్లో నాబాలిగ్ యతీమ్ ఉంటే ఈ బేరాలేవీ చేయకూడదు, ముందు ముఫ్తీ దగ్గరికి వెళ్లాలి. పసివాడి రజామందీకి అర్థం లేదు. యతీమ్ మాల్ తినేవాడు కడుపులో నిప్పు నింపుకుంటున్నాడని అదే సూరెలో ఉంది.

ఇవేవీ కుదరకపోతే అమ్మి పంచుకోవాలి. మన దేశపు చట్టం కూడా అదే దారి చూపిస్తుంది. 1893 నాటి పార్టిషన్ యాక్ట్ ప్రకారం కోస్తే పాడయ్యే ఆస్తిని అమ్మి డబ్బు పంచమని కోర్టు చెప్పొచ్చు. సగమో అంతకంటే ఎక్కువో వాటా ఉన్నవాళ్లు అడిగితే చాలు. అప్పుడు మిగతా వాటాదారు కోర్టు కట్టిన ధరకి కొనుక్కోనూ వచ్చు.

మిగిలిన బహానాలు

"నీ షాదీకి ఖర్చు పెట్టాం కదా, జోడే కీ రఖమ్ ఇచ్చాం కదా." ఇది రెండో జుమ్లా. షాదీ ఖర్చు విరాసత్ కాదు. షరియత్ అడగని జహేజ్ ఇచ్చి, షరియత్ అడిగిన హిస్సా ఆపడం ఏ హిసాబ్? ఒకవేళ అబ్బా బతికుండగా పెట్టిన ఖర్చులన్నీ తీయాలంటే అందరివీ తీయండి. పెద్దబ్బాయి దుబాయ్ వీసా, చిన్నబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు, దుకాణం పగడీ, బైకు, ఇద్దరి వలీమాలు. కాగితానికి రెండు వైపులా రాయండి. ఆ కాగితం ఎవరూ రాయరు. రాస్తే ఏం తేలుతుందో అందరికీ తెలుసు.

మూడో జుమ్లా బెహన్ నోటి నుంచి వస్తుంది. "మేరేకు కుచ్ నక్కో భయ్యా." దీన్ని మనం ఆమె బడా దిల్ అనుకుంటాం. ఒకసారి ఆమె జాగాలో నిలబడి చూడండి. హిస్సా అడిగితే మాయకా తలుపు మూసుకుంటుంది. భర్త కొడితే, భర్త పోతే, వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. 20 గజాల విలువా, ఈద్‌కి వెళ్లి కూర్చునే హక్కా? ఆమె రెండోది ఎంచుకుంటుంది. దీన్ని రజామందీ అంటే ఇన్సాఫ్ అనిపించుకోదు. చాలామంది ముఫ్తీలు చెప్పే మాట కూడా ఇదే: ముందు హిస్సా ఆమె చేతిలో పెట్టండి, తర్వాత ఖుషీగా తిరిగి ఇస్తే తీసుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టించేటప్పుడు ఆమెకి ఎప్పుడైనా ధర కాగితం చూపించారా? తను వదులుకుంటున్నది ఎంతో తెలియని మనిషి దేన్ని మాఫ్ చేసినట్టు?

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం. "ఇప్పుడు తొందరేముంది?" దీనికి లెక్కలోనే జవాబుంది. ఆ 8 భాగాల ఇల్లు పంచకుండానే ఒక కొడుకు పోయాడు అనుకోండి. అతనికి అమ్మీ, బీవీ, ఒక కొడుకు, ఒక బిడ్డ ఉన్నారు. అతని రెండు భాగాలు వీళ్ల మధ్య తెగాలి. అమ్మీకి ఆరో వంతు, బీవీకి ఎనిమిదో వంతు, మిగిలింది పిల్లలకి రెండు ఒకటి చొప్పున. సరి చేస్తే ఇల్లు 288 భాగాలవుతుంది. అమ్మీకి 48, బతికున్న కొడుక్కి 72, బిడ్డలకి 36 చొప్పున, పోయిన కొడుకు బీవీకి 9, ఆ పిల్లవాడికి 34, ఆ పసిబిడ్డకి 17. ఆ 17 భాగాలంటే తొమ్మిదిన్నర గజాల కంటే తక్కువ. ఒక్క మౌత్‌తో 8 నుంచి 288. ఇలా పంపకానికి ముందే వారిసులు పోతూ ఉంటే వచ్చే లెక్కని మునాసఖా అంటారు. రెండో మౌత్, మూడో మౌత్ తర్వాత వకీల్ కూడా తల పట్టుకుంటాడు. "ఇల్లు ఎట్లా కోస్తాం" అని ఇరవై ఏళ్లు అన్నవాళ్లే దాన్ని కోయరానిదిగా చేశారు.

ఎవరి లా, ఎవరి రివాజ్

పర్సనల్ లా మీద ప్రభుత్వం చెయ్యి వేయకూడదని మనం జల్సాలు పెడతాం. పెట్టాలి కూడా. కానీ 1937లో షరియత్ యాక్ట్ ఎందుకు వచ్చింది? రివాజ్ పేరుతో ముస్లిం ఆడవాళ్లకి ఆస్తిలో హిస్సా దక్కని హాలత్ పోవాలన్నది దాని వెనక ఉన్న ముఖ్యమైన వజహ్. అంటే ఆ చట్టం వచ్చిందే బెహన్ల కోసం. దాన్ని బయట కాపాడుతూ ఇంట్లో రివాజ్ నడిపిస్తే ఎవరిని ఎదిరిస్తున్నాం? పక్క మొహల్లాలో హిందూ బెహన్‌కి 2005 చట్ట సవరణ తర్వాత పుట్టుకతోనే కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. మన బెహన్‌కి పద్నాలుగు వందల ఏళ్ల కింద రాసిన హక్ ఇంకా చేతికి రాలేదు.

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. ప్రతి మసీదు కమిటీ దగ్గరా నికాహ్ రిజిస్టర్ ఉన్నట్టే ఒక తక్సీమ్ రిజిస్టర్ ఉండాలి. హిదాయాలో పంపకం చేసే ఖాసిమ్ అనే మనిషి గురించి ఉంది. ఆయన్ని ఖాజీ నియమించాలి, జీతం బైతుల్ మాల్ నుంచి ఇవ్వడం మేలు. మన దగ్గర బైతుల్ మాల్ లేకపోయినా ఒక ఆలిమ్, ఒక రిటైర్డ్ లెక్కల సార్, ఒక వకీల్ కలిసి కూర్చోవచ్చు. మొహల్లాలో ఒక మౌత్ అయితే చాలీస్వా లోపల నాలుగు కాగితాలు తయారు కావాలి: వారిసుల జాబితా, అప్పులూ మెహర్, ఆస్తుల ధరలు, హిస్సాలు. నాలుగు కాగితాల కాపీ ప్రతి వారిస్ చేతిలోనూ ఉండాలి, ఆడవాళ్ల చేతిలో కూడా. పంపకం ఏడాది పట్టినా పరవాలేదు. కాగితాలు మాత్రం ఆగకూడదు.

ఖుత్బాలో నమాజ్ గురించి, రోజా గురించి వింటాం. సూరె నిసా 11వ ఆయత్ గురించి మీరు ఆఖరిసారి ఎప్పుడు విన్నారు? ఈ జుమాకి మీ ఇమామ్ సాబ్‌ని అడిగి చూడండి. ఆయన చెప్పకపోతే మీరే ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద కొడుకులూ బిడ్డలూ అందరూ ఉండగా ఆ 8 భాగాల లెక్క చేసి చూపించండి. మీరు బతికుండగా పిల్లలు నేర్చుకున్న లెక్కే, మీరు పోయాక మీ బిడ్డ హక్‌ని కాపాడుతుంది.